నల్లోడి వాటా

జూన్ మూడో సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు గోల్ఫ్ మా బడికి వచ్చింది. రెండో పీరియడ్ బెల్లు కొడుతుండగా ట్రాలీ ఆటో గేటు లోపలికి వచ్చి ఆగింది. అందుకే సమయం గుర్తుంది. నేను అడిగింది రెండు వాలీబాల్ నెట్లు. ఆటోలోంచి దిగినవి నాలుగు పొడవాటి అట్టపెట్టెలు, ఒక గోనెసంచి నిండా తెల్లటి బంతులు. పెట్టె విప్పి చూస్తే వంకర మూతి ఇనుప కర్రలు. వంట మనిషి రామక్క వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంది మేడం, చింతకాయలు దులుపుకునేటియా?" అని అడిగింది. అప్పటికి నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు.

చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయినిని. మాది వేంసూరు వైపు, వ్యవసాయం ఇల్లు. ఉద్యోగమంతా కబడ్డీ, ఖోఖో, కవాతులతో గడిచింది. చివరి రెండేళ్లు మాత్రం గోల్ఫ్‌తో గడిచాయి. ఇప్పుడు నా స్థానంలో వచ్చిన శైలజ అనే అమ్మాయి, "మేడం, అదంతా ఎట్లా చేశారో రాసి ఇవ్వండి" అని అడిగింది. పైవాళ్లకు పంపిన రిపోర్టులు బడి బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు చదువుకోవచ్చు. వాటిలో లేనివి ఇక్కడ రాస్తున్నాను.

ఎదురుగా నిలబడకండి

ఆ పెట్టెలు పంపింది హైదరాబాదులోని ఒక సేవా సంస్థ. ఆటలు అందని పిల్లలకు గోల్ఫ్ నేర్పించాలని వాళ్ల సంకల్పం. మా వైపు బాధ్యత చూసే అబ్బాయి పేరు కార్తీక్. వయసు ముప్పై దాటదు, మాట నెమ్మది. రెండు రోజులు ఖమ్మంలో మాకు శిక్షణ ఇచ్చి, బొమ్మలున్న పుస్తకం ఒకటి చేతిలో పెట్టి వెళ్లాడు.

నేను పుస్తకం చూసుకుంటూ నేర్పడం మొదలుపెట్టాను. కవాతు నేర్పేటప్పుడు పిల్లలకు ఎదురుగా నిలబడటం నాకు అలవాటు. ఇక్కడా అలాగే నిలబడి కర్ర పట్టుకుని చూపించాను. పిల్లలు అద్దంలో చూసినట్టు నన్ను చూసి చేశారు. నా కుడి వాళ్లకు ఎడమైంది. కర్ర మూతి వెనకవైపుతో బంతిని కొట్టడం మొదలుపెట్టారు. బంతి నాలుగడుగులు పొర్లి ఆగిపోయేది. ఇది కష్టమైన ఆట కాబోలు అనుకున్నాను. ఆరు వారాలు అలాగే గడిచాయి.

కార్తీక్ చూడటానికి వచ్చి, వరసగా నిలబడిన ముప్పై మంది పిల్లలను కాసేపు తేరిపార చూశాడు. "మేడం, మీ స్కూల్లో అందరూ ఎడమచేతి వాటమేనా?" అని మెల్లగా అడిగాడు.

ఆ రోజు నుంచి నేను పిల్లల పక్కన, వాళ్లు చూసే వైపే చూస్తూ నిలబడి నేర్పాను. బంతులు ఎగరడం మొదలైంది. కొత్తగా చేరేవాళ్లకు మొదటి మాట ఇదే. పిల్లల ఎదుట నిలబడితే వాళ్లు కనిపిస్తారు. పక్కన నిలబడితే వాళ్లకు కనిపించేది మనకూ కనిపిస్తుంది.

అద్దాలు, తలలు

బంతులు ఎగిరిన మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి కిటికీ అద్దం పగిలింది. హెడ్మాస్టరు నరసింహారావు గారు పిలిపించారు. ఆట ఆపేయమంటారని మనసులో నాలుగు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన టీ తెప్పించారు.

"అమ్మా, అద్దం పగిలితే పైవాళ్లకు నేను చెప్పుకుంట. పిల్ల తల పగిలితే నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. కొట్టే పిల్ల ముందట ఒక్కరు గూడ ఉండొద్దు. గదొక్కటి చూడు. మిగతాది నాకు ఇడిసిపెట్టు."

నేను చాలామంది అధికారుల కింద పనిచేశాను. కొందరు అన్నింటికీ భయపడతారు, వాళ్ల దగ్గర ఏ పనీ జరగదు. కొందరు దేనికీ భయపడరు, వాళ్ల దగ్గర ప్రమాదాలు జరుగుతాయి. ఏ ఒక్క దానికి భయపడాలో తెలిసినవాడు మంచి అధికారి. ఆ సాయంత్రమే మైదానంలో బావి తాడు పరిచాను. కర్ర చేతిలో ఉన్న పిల్ల తప్ప మిగతావాళ్లంతా తాడు వెనకే ఉండాలి. రెండేళ్లలో ఒక్క తలకూ గాయం కాలేదు. అద్దాల లెక్క చివర్లో రాస్తాను.

అలికిన నేల

మాకు గడ్డి మైదానం లేదు. బడి వెనక ఏడెకరాల బీడు ఉండేది. అందులో మేకలు మేసేవి. గోల్ఫ్‌లో బంతిని చివరికి ఒక గుంటలో వేయాలి. గుంట చుట్టూ నేల నున్నగా ఉంటే తప్ప బంతి దొర్లదు. పట్నంలో దానికోసం ప్రత్యేకంగా గడ్డి పెంచుతారు. మా దగ్గర తాగే నీళ్లకే బోరు ముక్కుతూ మూలుగుతూ పనిచేసేది.

ఒక ఆదివారం దేవి తల్లి సీతమ్మ కూతురిని చూడటానికి వచ్చింది. సోడె దేవి ఎనిమిదో తరగతి. అడవిలో నాలుగు మైళ్ల లోపల ఉన్న కోయ ఊరు వాళ్లది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ. నా బాధ విని సీతమ్మ నవ్వింది. "ఇల్లు అలుకుతం, కల్లం అలుకుతం. ఇగ బంతికి గూడ అలకాల్నా మేడం?" అంది. అంటూనే కొంగు బిగించింది. ఇంకో ముగ్గురు తల్లులు కలిశారు. ఎర్రమట్టి, పేడ కలిపి, గుంట చుట్టూ పదడుగుల మేర నున్నగా అలికారు. మధ్యలో పాలపొడి డబ్బా పాతాం. ఆరాక బంతి దొర్లించి చూస్తే గాజు గోళీలా పోయింది. నాలుగు వారాల్లో అలాంటివి తొమ్మిది తయారయ్యాయి. పిల్లలు వాటిని ఒకటో అలుకు, రెండో అలుకు అని పిలిచేవాళ్లు. సీతమ్మ ఊరుకోలేక ప్రతిదాని చుట్టూ ముగ్గు కూడా పెట్టింది. బంతికి ముగ్గు అంటితే పిల్లలు పావడాకు తుడుచుకునేవాళ్లు.

అలికిన చేతి వంపులు ఆరిన తర్వాత కూడా నేల మీద సన్నగా మిగులుతాయి. బంతి ఆ వంపు వెంట మెల్లగా తిరుగుతుంది. దేవి అలుకు మీద మిగతావాళ్లకంటే బాగా ఆడేది. తల్లి చెయ్యి ఎటు తిరుగుతుందో ఆ పిల్లకు తెలుసు మరి. వానాకాలం మాత్రం అలుకులు కొట్టుకుపోయేవి. డబ్బాల్లో కప్పలు కాపురం పెట్టేవి. దసరా దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

ఫొటో మనిషి

ఇది చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు. మొదటి ఏడాది చివర్లో సంస్థ తరఫున ఫొటోలు తీసే ఒకాయన వచ్చాడు. పిల్లలను వరసలో నిలబెట్టి, బూట్లు విప్పమన్నాడు. ఉత్త కాళ్లతో ఉంటే చూసేవాళ్ల మనసు కరుగుతుందట. ఆ పిల్లలకు అంతకు ముందు వారమే తెల్ల గుడ్డబూట్లు వచ్చాయి. రోజూ సుద్దముక్క రుద్దుకుంటున్నారు.

ఏడో తరగతి పాయం జానకి పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, నోరు ఊరుకోదు. "మాకు బూట్లున్నయి సార్. ఫొటోల ఉత్త కాళ్లు కావాల్నంటే మీరు ఇప్పుండ్రి, మేం తీస్తం" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను బూట్లతోనే తీయమన్నాను. ఆ తర్వాత ఆయన, ఈ పిల్లలు అడవిలో విల్లంబులు పట్టేవాళ్లు కాబట్టి గురి పుట్టుకతోనే వస్తుంది కదా అని అడిగాడు. మా పిల్లల్లో ఒక్కరూ విల్లు ముట్టుకున్నవాళ్లు లేరు. మొదటి ఏడాది వాళ్లు కొట్టిన బంతుల్లో సగం మేకల మధ్యలో పడ్డాయి. పుట్టుకతో ఎవరికీ ఏ ఆటా రాదు. వచ్చిందని ఎవరైనా పొగిడితే, ఆ పిల్ల పడిన కష్టాన్ని లెక్కలోంచి తీసేసినట్టే.

నలుగురికీ నలభై రెండు

రెండో ఏడాది మాఘమాసంలో కార్తీక్ ఫోన్ చేశాడు. సంస్థ చాలా చోట్ల ఈ కార్యక్రమం నడుపుతోంది, మూడో ఏడాది కొన్ని చోట్ల మాత్రమే కొనసాగిస్తారు. బాగా ఆడే నలుగురు పిల్లలతో తొమ్మిది గుంటలు ఆడించి, ఎవరు ఎన్ని దెబ్బల్లో ముగించారో కార్డు రాసి పంపమన్నాడు. తక్కువ దెబ్బలైతే మంచి ఆట. మా బడికి మూడో ఏడాది ఉందా లేదా అన్నది ఆ కార్డులను బట్టే తేలుతుంది.

దేవి, జానకి, ఇంకా రాణి, మంగ అనే ఇద్దరిని ఎంచాను. దెబ్బలు మరిచిపోకుండా లెక్కించడానికి ఒక పద్ధతి నేర్పాను. జేబులో చింతగింజలు పోసుకుని, ఒక్కో దెబ్బకు ఒక్కో గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకోవాలి. తీరా కార్డు రాసే రోజు నాకు కొత్తగూడెంలో కబడ్డీ పోటీల డ్యూటీ పడింది. పిల్లలు తమంతట తామే ఆడి కార్డులు రాశారు. నేను సాయంత్రం తిరిగి వచ్చేసరికి హెడ్మాస్టరు గారు వాటిని ఫోన్లో ఫొటో తీసి పంపేశారు.

కార్డులు నా చేతికి వచ్చాయి. దేవి నలభై రెండు. రాణి నలభై రెండు. మంగ నలభై రెండు. జానకి నలభై రెండు.

అప్పుడే కార్తీక్ ఫోన్. గొంతులో పండగ వినిపిస్తోంది. "మేడం, నలుగురూ నలభై రెండా! సిటీలో అకాడమీ పిల్లలకే రాదు. మీది గ్యారంటీగా ఉంటుంది మేడం." నేను ఆగమన్నాను. నలుగురికీ ఒకే మొత్తం రావడం కుదిరే పని కాదు, అందులోనూ జానకికి నలభై రెండు అసలు కుదరదు. కనుక్కుని చెప్తానని పెట్టేశాను.

పిల్లలు మైదానం చివర కూర్చుని ఉన్నారు. పక్కన నల్లోడు పడుకుని ఉన్నాడు. నల్లోడు బడి కుక్క. పిల్లలు ఆడినంతసేపూ వెంట నడిచేవాడు, బంతి పొదలో పడితే ముందు తానే వెళ్లి నిలబడేవాడు.

"నలభై రెండు ఎట్లా వచ్చిందే?" అని అడిగాను.

"పంచినం మేడం" అంది రాణి.

"ఏం పంచారు?"

"దెబ్బలు."

విషయం ఇది. నలుగురిదీ ఒకటే ఊరు, అక్కడ ఎండాకాలం వాగు ఆగిపోయి మడుగులు మిగులుతాయి. ఆడవాళ్లు, పిల్లలు కలిసి మడుగు నీళ్లు ఎత్తిపోసి చేపలు పడతారు. పట్టిన చేపలన్నీ ఒక్క చోట పోస్తారు. ఎవరు ఎన్ని పట్టారని చూడరు. వచ్చినవాళ్లందరికీ ఆకుల మీద సమానంగా కుప్పలు పెడతారు. పిల్లలు ఆట ముగిశాక జేబుల్లోని గింజలన్నీ ఒక్క చోట పోసి, అదే విధంగా కుప్పలు పెట్టారు. అంతా కలిపి రెండు వందల పదకొండు గింజలు.

నాకు లెక్క పొసగలేదు. "రెండు వందల పదకొండు నలుగురికి పంచితే యాభై రెండు వస్తుంది. నలభై రెండు ఎక్కడిది?"

జానకి నన్ను జాలిగా చూసింది. "ఐదు వాటాలు మేడం. నల్లోడు గూడ వచ్చిండు గదా."

మడుగుకు వెంట వచ్చిన కుక్కకూ వాళ్ల ఊళ్లో ఒక కుప్ప ఉంటుందట. నేను నల్లోడి వైపు చూశాను. వాడు తోక ఊపాడు. నలభై రెండు దెబ్బలు ఆడిన అలసట ఏమీ కనిపించలేదు.

"ఐదు నలభై రెళ్లు రెండు వందల పది. మిగిలిన ఒకటి?"

"వాగుల ఏసినం" అంది దేవి. పంచగా మిగిలిన చేప వాగుకే పోవాలి, అది వాగు వాటా.

నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడ్డాను. తర్వాత లేచి కార్తీక్‌కు ఫోన్ చేసి, ఐదో వంతు మా కుక్కదని చెప్పాను. ముందు అతనూ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "మేడం, పైవాళ్లు సంతోషంగా ఉన్నారు. ఇప్పుడు ఇది చెప్తే..." అన్నాడు. చెప్పాలని అన్నాను. తప్పు అంకెతో వచ్చిన మూడో ఏడాది నాకు వద్దు. మర్నాడు నేనే పిల్లల వెంట నడిచి లెక్క రాశాను. దేవి నలభై నాలుగు. రాణి యాభై రెండు. మంగ యాభై ఆరు. జానకి అరవై ఒకటి.

అవి చూసి సంస్థ ఒక షరతు పెట్టింది. మేలో హైదరాబాదులో పదిహేనేళ్ల లోపు ఆడపిల్లల పోటీ ఉంది. దేవి అందులో మొదటి ఎనిమిది మందిలో ఉంటే మా బడికి మూడో ఏడాది ఉంటుంది. లేకపోతే కర్రలు, శిక్షణ, పిల్లలను తిప్పే వ్యాను, అన్నీ వేరే చోటికి పోతాయి.

ముత్తయ్య ప్రశ్న

నేను వాటాలు మాన్పించాను. ఎవరి దెబ్బలు వాళ్లవేనని చెప్పి, రోజూ ప్రార్థనప్పుడు నలుగురి అంకెలు చదివి వినిపించాను. దానితో ఆట బాగుపడుతుందనుకున్నాను. అంతకు ముందు ఒకరు గురి తప్పితే నలుగురూ కలిసి చూసేవాళ్లు, ఎందుకు తప్పిందో మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరి జేబు వాళ్లు చూసుకోసాగారు. నాలుగో రోజు నుంచి జానకి మైదానానికి రావడం మానేసింది. కడుపునొప్పి అంది. అన్నం మాత్రం బాగానే తినేది. రెండు వారాలైనా ఆ కడుపునొప్పి సాయంత్రం నాలుగింటికే వచ్చి ఆరింటికి పోయేది.

ఆదివారం దేవి తాత ముత్తయ్య వచ్చాడు. ఊళ్లో చేపల వాటాలు వేసే పెద్దమనిషి ఆయనే. చెట్టు కింద కూర్చుని చుట్ట తీసి, బడి కదా అని మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

"పంతులమ్మా, వాటాలు బంద్ పెట్టినవంట గదా."

ఈ ఆటలో ఎవరి లెక్క వాళ్లదేనని చెప్పాను.

"మరి గా జానకి అరవై ఒకటి ఒక్కతే మొయ్యాల్నా?"

"అవి చేపలు కాదు కదా ముత్తయ్యా. దెబ్బలు. తక్కువ ఉంటే మంచిది."

"చేపలైతే అందరం పంచుకుంటిమి. బరువైతే ఒక్క పోరి నెత్తిన పెడ్తవా?"

పంచుకుంటే ఎవరు బాగా ఆడారో ఎట్లా తెలుస్తుంది అన్నాను. ఆయన నవ్వాడు. "మా ఊర్ల చేపలు బాగ పట్టేటోళ్లు ఎవరో అందరికి ఎర్కనే. దానికి వాటాతోటి ఏం పని?"

ఉద్యోగమంతా పిల్లలను అంకెల వరసలో నిలబెట్టినదాన్ని నేను. ఆ మాట మింగడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత ముత్తయ్యను పిలిపించి ఒక ఒప్పందం చేశాను. శనివారం ఎవరి కార్డు వాళ్లదే, అది నా దగ్గర ఉంటుంది, పైకి చదవను. మిగతా రోజుల్లో గింజలు ఒక్క చోట పోసి పంచుకోవచ్చు. అందరి మొత్తం తగ్గుతోందా లేదా అన్నదే చూస్తాను.

"నల్లోడిది?" అని అడిగాడు ముత్తయ్య.

"వాడి వాటా వాడికి ఉంటుంది" అన్నాను.

జానకి కడుపునొప్పి ఆ సాయంత్రం రాలేదు. ఏప్రిల్ చివరికి నలుగురి మొత్తం నూట తొంభై ఒకటికి దిగింది. శైలజకు, ఇంకా ఈ పని చేయబోయే వాళ్లకు నేను చెప్పేది ఇదే. మంచి ఆటగత్తెను తయారు చేయడానికి ముందు, బాగా ఆడలేని పిల్ల రేపు కూడా ఎందుకు రావాలో ఆలోచించండి. ఆ పిల్ల మానేస్తే, మంచి ఆటగత్తె ఒంటరిదైపోతుంది. ఒంటరి పిల్ల ఆట ఎట్లా ఉంటుందో హైదరాబాదులో నా కళ్లతో చూశాను.

గింజలు

మే రెండో శనివారం పోటీ. వ్యానులో చోటుందని నలుగురినీ తీసుకెళ్లాను. ఆడేది దేవి ఒక్కతే. మిగతా ముగ్గురూ తాడు అవతల నిలబడి చూడాలి.

అంత పచ్చని నేలను మా పిల్లలు ఎన్నడూ చూడలేదు. మంగ వంగి గడ్డి మీద చెయ్యి పెట్టి చూసి, ఎవరు అలికారని అడిగింది. దేవి మొహం మాత్రం పాలిపోయింది. అలుకు మీద కొట్టినట్టు మెల్లగా కొడితే గడ్డి మీద బంతి సగం దూరంలోనే ఆగిపోయింది. మళ్లీ కొడితే అదీ చాలలేదు. మొదటి గుంటకు ఏడు దెబ్బలు, రెండోదానికి ఎనిమిది, మూడోదానికి ఏడు. మొత్తం ఇరవై రెండు. ఎడమ జేబు గింజలతో ఉబ్బి, నడుస్తుంటే కాలికి కొట్టుకుంటోంది. ఆ పిల్ల తల ఎత్తడం లేదు. నేను మాట్లాడకూడదు. ఆడేవాళ్లకు బయటివాళ్లు సలహా చెప్తే శిక్ష పడుతుంది.

అప్పుడు జానకి తాడు దగ్గరికి వెళ్లి కోయలో ఏదో అంది. చిన్న మాట. నీలం టోపీ పెట్టుకున్న పర్యవేక్షకురాలు గబగబా మా వైపు వచ్చింది. పిల్ల ఏం చెప్పిందని నన్ను అడిగింది. నాకు కోయ అంతగా రాదు. జానకినే అడిగాను.

"మా వాటా మాకియ్యి అన్న మేడం. ఆట గురించి ఏమనలే."

దేవి నడిచి తాడు దగ్గరికి వచ్చింది. ఎడమ జేబులోంచి గింజలు తీసి ముగ్గురి దోసిళ్లలో పోసింది. కొన్ని తను ఉంచుకుంది. కొన్ని జానకి గౌను జేబులో విడిగా వేసింది. అవి నల్లోడివి. పర్యవేక్షకురాలు గింజలు చూసింది, కార్డు చూసింది. కార్డులో దేవి పేరు ఎదుట ఇరవై రెండూ అలాగే ఉన్నాయి. ఇందులో సలహా ఏమీ లేదని ఒప్పుకుని వెళ్లిపోయింది.

దేవి నాలుగో గుంట దగ్గర తల ఎత్తి నిలబడింది. అక్కడి నుంచి ప్రతి గుంట ముగిశాక తాడు దగ్గరికి వచ్చి గింజలు పంచి వెళ్లింది. తేలిక జేబుతో ఆడింది. గడ్డి మీద ఎంత గట్టిగా కొట్టాలో ఐదో గుంటకల్లా తెలుసుకుంది. మిగిలిన ఆరు గుంటలు ఇరవై తొమ్మిది దెబ్బల్లో ముగించింది. ఆ ఆరు గుంటల్లో ఆ మైదానంలో అంతకంటే బాగా ఆడినవాళ్లు ఇద్దరే ఉన్నారని తర్వాత కార్తీక్ చెప్పాడు.

మొత్తం యాభై ఒకటి. ఎనిమిదో స్థానంలో ఉన్న అమ్మాయి యాభై. దేవి తొమ్మిదోది.

కార్తీక్ మాతో వ్యాను దాకా నడిచి వచ్చాడు. పిల్లలే అతనికి మజ్జిగ ప్యాకెట్ ఇచ్చి ఓదార్చారు. తిరుగు దారిలో దేవి చాలాసేపు కిటికీ వైపే చూసింది. ఖమ్మం దాటాక జానకి తన తువ్వాలు సీటు మీద పరిచింది. నలుగురూ గింజలన్నీ మళ్లీ అందులో పోసి, మొదటి నుంచి పంచారు. మనిషికి పది, నల్లోడికి పది. ఒకటి మిగిలింది.

బడికి రెండు మైళ్ల ముందు వాగు మీద వంతెన ఉంది. డ్రైవరును ఆపమన్నారు. దేవి దిగి ఆ గింజను వాగులో వేసి వచ్చింది. ఎక్కి కూర్చుని, "ఆకలైతుంది మేడం" అంది. బడి చేరాక నల్లోడి ముందు పది గింజలు పోశారు. వాడు వాసన చూసి, తుమ్మి, వెళ్లిపోయాడు.

పోయినవి

జూన్‌లో ట్రాలీ ఆటో మళ్లీ వచ్చి పెట్టెలు తీసుకుపోయింది. విరిగిన కర్రలు మాకే ఉంచుకోమని సంస్థ కాగితం మీద రాసి ఇచ్చింది. వాటి ఇనుప మూతులకు ముత్తయ్య వెదురు బిగించాడు. సీతమ్మ, మిగతా తల్లులు దసరా దాటగానే ఇప్పటికీ వచ్చి అలుకుతారు. దేవి ఇప్పుడు ఖమ్మంలో ఇంటర్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు చిన్నపిల్లలకు నేర్పుతుంది, పక్కన నిలబడి. శైలజ అడిగింది కాబట్టి, రెండేళ్లలో పోయినవి ఏమిటో కూడా రాసి ముగిస్తున్నాను.

బంతులు: మూడు వందల పద్దెనిమిది. వీటిలో నలభై దాకా మేకలు కాసే పిల్లల దగ్గర ఉన్నాయి.

కిటికీ అద్దాలు: ఆరు.

విరిగిన కర్రలు: పదకొండు.

పాలపొడి డబ్బాలు: వానకు కొట్టుకుపోయినవి నాలుగు, కప్పలకు వదిలేసినవి రెండు.

జానకి ముందు పన్ను: ఒకటి. గోల్ఫ్ వల్ల కాదు, చెరుకు గడ వల్ల. కానీ మైదానంలోనే పోయింది.

మధ్యలో మానేసిన పిల్లలు: ఇద్దరు. ఒకరు తిరిగి వచ్చారు. ఇంకొక అమ్మాయి వాళ్ల కుటుంబం మిర్చి కోతలకు వెళ్లి, తిరిగి ఆ ఊరికి రాలేదు. నేను బడిలో ఉన్నన్నాళ్లూ హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల పేరు నా నోటికి వచ్చేది.

మూడో ఏడాది: మొత్తం.

ఎనిమిదో స్థానం: ఒక్క దెబ్బ. అది వాగుకు పోయింది.